ఇంట్లో పార్టీకి లేజర్ లైటు: తక్కువ ఖర్చుతో సరైనది ఎంచుకోవడం ఎలా

లేజర్ లైట్ల కోసం వెతకడం మొదలుపెడితే చూపు ముందుగా రెండు అంకెల మీద పడుతుంది. ఒకటి ధర, రెండోది మిల్లీవాట్లు, అంటే లేజర్ పవర్. ధర చూసుకోవాల్సిందే. మిల్లీవాట్లు పెరిగినకొద్దీ లైటు మంచిదనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పెద్ద స్టేజీ మీద నుంచి దూరాలకు కిరణాలు కొట్టాలంటే పవర్ కావాలి. ఇంట్లో గోడ మూడు నాలుగు మీటర్ల దూరంలోనే ఉంటుంది, వచ్చినవాళ్లంతా ఆ కాస్త జాగాలోనే తిరుగుతుంటారు. అక్కడ లేజర్ ఎంత బాగా కనబడుతుందన్నది గది ఎంత చీకటిగా ఉంది, గాలిలో కాస్తయినా పొగ ఉందా, లైటు ఎక్కడ పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడూ కుదిరితే చిన్న లైటే గదిని నింపేస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనది తెచ్చినా గోడ మీద వెలిసిపోయిన చుక్కలు తప్ప ఏమీ మిగలదు.

అందుకే కొనడం తర్వాత, ముందు గది చూడండి.

1. గదిని రాత్రిపూట చూడండి, కొలవండి

పార్టీ జరిగే గదిలో రాత్రి లైట్లన్నీ ఆపేసి ఒక్క నిమిషం నిలబడండి. కిటికీలోంచి వీధి దీపం వెలుగు ఎంత వస్తోంది, పక్క గది తలుపు సందుల్లోంచి ఎంత పడుతోంది, టీవీ మీదా రౌటర్ మీదా చిన్న లైట్లు ఎన్ని మెరుస్తున్నాయి, అన్నీ గమనించండి. మందపాటి కర్టెన్ ఒకటి వేస్తే పోయే వెలుతురు కోసం రెట్టింపు పవర్ ఉన్న లైటు కొనక్కర్లేదు. పార్టీ పగటిపూట అయితే, కిటికీలు మూసే వీలూ లేకపోతే, లేజర్ ఆలోచన మానేసి ఆ డబ్బు సౌండ్ మీద పెట్టుకోవడం మేలు.

ఆ తర్వాత టేపు తీయండి. లైటు పెట్టాలనుకునే చోటి నుంచి ఎదుటి గోడ వరకు దూరం, నేల నుంచి సీలింగ్ వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. లైటు వివరాల్లో చాలాసార్లు వెలుగు ఎంత కోణంలో విచ్చుకుంటుందో ఇస్తారు. 60 డిగ్రీలని ఉంటే 3 మీటర్ల దూరంలోని గోడ మీద సుమారు మూడున్నర మీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. 30 డిగ్రీలదైతే అదే గోడ మీద 1.6 మీటర్లు. గది చిన్నదైన కొద్దీ కోణం ఎక్కువున్న లైటు కావాలి. ఈ అంకె ఎక్కడా ఇవ్వకపోతే, వాడినవాళ్లు పెట్టిన ఫొటోల్లో గోడ ఎంత మేర నిండిందో చూసి అంచనా వేసుకోవచ్చు. కంపెనీ పెట్టిన ఫొటోలు మాత్రం నమ్మకండి. వాటిలో చాలావరకు కంప్యూటర్‌లో గీసినవే.

అద్దాలు, గాజు తలుపుల అల్మారాలు, టీవీ తెర, గాజు ఫ్రేములున్న ఫొటోలు, తళతళలాడే స్టీలు సామాను ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా ఇప్పుడే చూసిపెట్టుకోండి. వీటితో పని తర్వాత ఉంది.

2. చుక్కలా, కిరణాలా, బొమ్మలా?

లేజర్ లైటు అనగానే ఒకరికి సీలింగ్ నిండా నక్షత్రాల్లా చుక్కలు గుర్తొస్తాయి, ఇంకొకరికి గాలిలో కత్తుల్లా కదిలే కిరణాలు, మరొకరికి గోడ మీద పరుగెత్తే బొమ్మలూ అక్షరాలూ. ఈ మూడూ ఒకే రకం లైటుతో రావు.

చుక్కల లైటు లోపల పని చాలా సులువు. లేజర్ వెలుగు పుట్టించే చిన్న భాగం, అంటే డయోడ్, నుంచి వచ్చే ఒక్క కిరణం, కంటికి కనబడనంత సన్నటి గీతలున్న పారదర్శకమైన పలకలోంచి వెళ్తుంది. దీన్ని గ్రేటింగ్ అంటారు. అందులోంచి బయటికొచ్చేసరికి ఆ కిరణం వందల ముక్కలవుతుంది. చిన్న మోటారు పలకను తిప్పుతుంటే చుక్కలు గోడంతా పాకుతుంటాయి. పవర్ అన్ని ముక్కలకూ పంచబడుతుంది కాబట్టి ఒక్కో చుక్క బలహీనంగా ఉంటుంది, అదే ఇంటికి కావాల్సింది కూడా. ధర తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. ఇంటి పార్టీకైతే నా ఓటు దీనికే. గదిలో కాస్త పొగ ఉంటే ఈ చుక్కలే గాలిలో సన్నటి కిరణాలుగా కనబడతాయి, అంటే రెండు కోరికలు ఒకే లైటుతో తీరతాయి.

బొమ్మలూ అక్షరాలూ గీసేది వేరే జాతి. అందులో రెండు చిన్న అద్దాలు చాలా వేగంగా అటూ ఇటూ కదులుతూ ఒకే కిరణంతో గోడ మీద గీస్తాయి. వేగాన్ని సెకనుకు ఇన్ని పాయింట్లని చెబుతారు, 20 వేలు, 30 వేలు అలా. వేగం చాలకపోతే అక్షరాలు వణుకుతాయి. చవకగా దొరికే వాటిలో ఇదే ఎక్కువ. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ఇందులో పవర్ అంతా ఒకే కిరణంలో ఉంటుంది. అద్దాలు కదులుతున్నంతసేపూ అది గదంతా తిరుగుతుంది, అద్దాలు ఆగిపోతే మొత్తం పవర్ ఒకే చోట నిలబడిపోతుంది. మంచి యంత్రాల్లో అలా జరిగిన క్షణమే కిరణాన్ని ఆపేసే ఏర్పాటు ఉంటుంది. చవక వాటిలో ఉందో లేదో మీరు తేల్చుకోలేరు. పుట్టినరోజు పిల్ల పేరు గోడ మీద కనబడాలన్నదే కోరికయితే చిన్న ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకోండి. పేరు కూడా స్పష్టంగా పడుతుంది.

3. అది నిజంగా లేజరేనా?

లేజర్ అన్న పేరుతో అమ్ముడయ్యే పార్టీ లైట్లలో చాలావాటి లోపల ఉండేది ఎల్ఈడీలే. గుండ్రటి గాజు గోళం తిరుగుతూ రంగురంగుల మచ్చలు పంచేవన్నీ ఈ కోవకే వస్తాయి. మోసపోయామని బాధపడక్కర్లేదు, ఎందుకంటే కొన్ని ఇళ్లకు అవే సరైనవి. కానీ ఏం కొంటున్నారో తెలిసి కొనాలి.

తేడా పట్టుకోవడం తేలికే. వెలుగును గోడ మీద పడనిచ్చి, లైటును గోడకు దగ్గరగా, తర్వాత దూరంగా జరపండి. లేజర్ చుక్క అంచు ఎంత దూరంలోనైనా పదునుగానే ఉంటుంది. ఎల్ఈడీ మచ్చ దూరం పెరిగేకొద్దీ పెద్దదై అంచులు కరిగిపోతాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. గోడ మీది చుక్కను తేరిపార చూస్తూ తల కాస్త అటూ ఇటూ కదపండి. లేజర్ అయితే చుక్క లోపల ఇసుక చల్లినట్టు సన్నటి గింజలు మిలమిలలాడుతూ కదులుతాయి. గరుకు గోడ మీద పడ్డ లేజర్ వెలుగుకు ఇది సహజం, ఎల్ఈడీలో కనబడదు. చూడాల్సింది గోడను మాత్రమే, లైటు మూతి వైపు ఎప్పుడూ కాదు.

వచ్చేవాళ్లలో నాలుగైదేళ్లలోపు పిల్లలు ఎక్కువగా ఉంటారనుకుంటే ఇక్కడే ఆగి, ఎల్ఈడీ లైటు కొనేయండి. మెరిసేదాన్ని దగ్గరికెళ్లి కళ్లార్పకుండా చూడటం ఆ వయసు పిల్లల పని. వద్దని చెప్పి ఆపలేం.

4. లేబుల్ చదవండి, అసలు నిర్ణయం ఇక్కడే

లేజర్లను అంతర్జాతీయంగా క్లాసులుగా విభజించారు. ఈ క్లాసు అంకె ముందు మిల్లీవాట్ల ప్రకటనలు, నక్షత్రాల రేటింగులు ఏవీ లెక్కలోకి రావు.

క్లాస్ 1 అంటే మామూలు వాడకంలో ప్రమాదం లేనిది. క్లాస్ 2 అంటే కంటికి కనబడే వెలుగు 1 మిల్లీవాట్ దాటనిది. పొరపాటున కంట్లో పడినా, పావు సెకనులో రెప్ప వాలిపోతుంది లేదా తల తిప్పేస్తాం, ఆ లోపు నష్టం జరగదన్న లెక్క మీద ఆ హద్దు పెట్టారు. కావాలని తదేకంగా చూస్తే ఆ లెక్క తప్పుతుంది. క్లాస్ 3ఆర్ హద్దు 5 మిల్లీవాట్లు. క్లాస్ 3బి 500 మిల్లీవాట్ల దాకా వెళ్తుంది, దీనిలో నేరుగా పడ్డ కిరణమే కాదు, అద్దం మీద పడి తిరిగొచ్చిన కిరణం కూడా కంటిని దెబ్బతీస్తుంది. 500 దాటితే క్లాస్ 4, అక్కడ చర్మం కాలడం, గుడ్డ అంటుకోవడం కూడా జరగొచ్చు.

ఇంటికి క్లాస్ 1 లేదా క్లాస్ 2 చాలు. 3ఆర్ అయితే మనిషి ఎత్తు కంటే పైన బిగించి, వెలుగు పైకే పోయేలా పెట్టగలిగితేనే. 3బి, 4 ఇంట్లోకి వద్దు. ఎందుకో తెలియాలంటే, రాసుకున్న సీలింగ్ ఎత్తు ఇప్పుడు తీయండి. అమెరికాలో శక్తిమంతమైన లేజర్ షోలకు పెట్టే మామూలు షరతు ఏమిటంటే, ప్రమాదకరమైన కిరణం జనం నిలబడే నేలకు కనీసం 3 మీటర్ల ఎత్తున, పక్కలకు 2.5 మీటర్ల దూరంలో ఉండాలి. చాలా ఇళ్లలో సీలింగే 3 మీటర్లు ఉండదు. అంటే ఆ కిరణం జనానికి తగలకుండా పోవడానికి మీ గదిలో చోటే లేదు.

షో చేసేవాళ్లకే ఇది తప్పిపోయిన సందర్భం ఉంది. 2008 జూలైలో రష్యాలో, మాస్కోకు తూర్పున ఆరుబయట జరిగిన ఒక సంగీత ఉత్సవంలో వాన రావడంతో పైన టెంట్లు వేశారు. ఆకాశంలోకి పోవాల్సిన శక్తిమంతమైన కిరణాలు జనం మీద పడి, పదుల మంది కళ్లు దెబ్బతిన్నాయి. పైన కప్పు ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది. మీ గదికి కప్పు ఎప్పుడూ ఉంటుంది.

లేబుల్ ఎలా ఉండాలంటే: పసుపు రంగు త్రిభుజంలో కిరణాలు చిమ్ముతున్న గుర్తు, దాని పక్కన క్లాసు, గరిష్ఠ పవర్, వెలుగు రంగును చెప్పే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో, తయారీదారు పేరు. వెలుగు బయటికొచ్చే రంధ్రం దగ్గర మరో చిన్న హెచ్చరిక ఉండొచ్చు. ఇవి పెట్టె మీద ఉంటే చాలదు, లైటు ఒంటి మీద ఉండాలి. లేబులే లేని లైటు ఎంత చవకైనా వదిలేయండి. లేబుల్ మీద క్లాస్ 2 అని, ప్రకటనలో 150 మిల్లీవాట్లని ఉంటే అనుమానించండి. ఎరుపు 100, ఆకుపచ్చ 50 కలిపి 150 అని అమ్మేవాళ్లున్నారు. అది లోపలి డయోడ్ల మొత్తమని, గ్రేటింగ్ దాటాక ఒక్కో కిరణం బలహీనమని సర్దిచెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ గ్రేటింగ్ పగిలినా, జిగురు ఊడి పక్కకు జరిగినా చీలని కిరణం నేరుగా బయటికొస్తుంది. పైగా గ్రేటింగ్ బాగున్నప్పుడు కూడా మధ్య చుక్క మిగతావాటికంటే బలంగా ఉంటుంది. గోడ మీద చూస్తే మీకే తెలుస్తుంది.

లేబుల్ ఉన్నంత మాత్రాన నిశ్చింత అనలేం. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 122 లేజర్ పాయింటర్లను పరీక్షించి 2013లో వెల్లడించిన ఫలితాల్లో ఆకుపచ్చవి దాదాపు 90 శాతం, ఎరుపువి సుమారు 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు అందలేదు. అవి పాయింటర్లే అయినా, చవక పార్టీ లైట్లలోనూ వాడేది ఇలాంటి డయోడ్లే కాబట్టి పాఠం ఇటూ వర్తిస్తుంది. అందుకే క్లాస్ 2 అని రాసున్న లైటును కూడా 3ఆర్ అనుకునే వాడండి.

5. రంగులు

మన కన్ను పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చకు, అన్నిటికంటే బాగా స్పందిస్తుంది. లేజర్ ఆకుపచ్చ సాధారణంగా 532 లేదా 520, ఎరుపు 650 లేదా 638, నీలం 450 చుట్టుపక్కల ఉంటుంది. ఒకే పవర్ దగ్గర 532 ఆకుపచ్చ, 650 ఎరుపు కంటే సుమారు ఎనిమిది రెట్లు ప్రకాశంగా అనిపిస్తుంది. తక్కువ ఖర్చులో గది నిండినట్టు కనబడాలంటే ఆకుపచ్చ ఉన్నది తీసుకోండి. ఎరుపు మాత్రమే ఉన్న లైటు చవకే కానీ, కాస్త వెలుతురున్నా కొట్టుకుపోతుంది. 638 అని రాసున్న ఎరుపు 650 కంటే మెరుగు.

నీలం సంగతి వేరు. కంటికి మసకగా కనబడుతుంది, కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. హాని మాత్రం అందులో తక్కువేం ఉండదు. చవక లైట్లలో ఎరుపు, ఆకుపచ్చ లేజర్లు పెట్టి, నీలానికి ఎల్ఈడీ వాడుతుంటారు. ఇంటికి ఆ కలయిక బాగుంటుంది కూడా. నీలం వెలుగు గోడంతా పరుచుకుని, దాని మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తిరుగుతాయి.

ఆకుపచ్చలో ఒక చిన్న మెలిక. 532 నానోమీటర్ల వెలుగు డయోడ్ నుంచి సూటిగా రాదు. కంటికి కనబడని 808 నానోమీటర్ల పరారుణ కిరణం ఒక స్ఫటికంలోకి వెళ్లి 1064గా మారి, మరో స్ఫటికంలో సగమై 532గా బయటికొస్తుంది. మిగిలిపోయిన పరారుణ కిరణాలను ఆపడానికి ఒక ఫిల్టర్ పెట్టాలి. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని వదిలేసేవాళ్లున్నారు. 2010లో ఎన్ఐఎస్‌టీ పరిశీలించిన ఒక చవక పాయింటర్‌లో ఆకుపచ్చ వెలుగు బాగా మసకగా ఉంది, కంటికి కనబడని పరారుణం మాత్రం దాదాపు 20 మిల్లీవాట్లు వచ్చింది. కనబడని వెలుగుకు రెప్ప వాలదు, దాంతో క్లాస్ 2 లెక్క మొత్తం పోతుంది. 520 నానోమీటర్లని రాసున్నవి నేరుగా ఆకుపచ్చ ఇచ్చే డయోడ్లు, వాటిలో ఈ పరారుణం గొడవ లేదు, చలికి మసకబారడం కూడా తక్కువ. ధర కాస్త ఎక్కువైనా దొరికితే 520 తీసుకోండి. ఇందులో నేను బేరమాడను.

6. మిగతా హంగులు

పాటకు తగ్గట్టు ఆడే సౌండ్ మోడ్ దాదాపు అన్నిటిలో ఉంటుంది. లోపల చిన్న మైక్ ఉండి, దెబ్బ వినబడినప్పుడల్లా ప్యాటర్న్ మారుస్తుంది. మైక్ ఎంత గట్టిగా వింటుందో సర్దుకునే నాబ్ ఉందో లేదో చూడండి. అది లేనివి మాటలకూ నవ్వులకూ కూడా గంతులేస్తాయి, లేదా పాట తగ్గించగానే ఆరిపోయి కూర్చుంటాయి. రిమోట్ ఉండి తీరాలి. పైన బిగించిన లైటును ఎవరో వచ్చి కళ్లు జిగేల్‌మంటున్నాయన్న మరుక్షణం ఆపగలగాలి. డీఎంఎక్స్ కనెక్షన్ అని మరో ఫీచర్ కనబడుతుంది, అది ఎన్నో లైట్లను ఒకే బోర్డు మీద నడిపేవాళ్లకు. ఒక్క లైటుకు దండగ.

స్ట్రోబ్‌ను, అంటే టపటపా ఆరి వెలిగే మోడ్‌ను, విడిగా ఆపుకునే వీలుందా అన్నది ముఖ్యం. సెకనుకు 3 నుంచి 30 సార్లు ఆరి వెలిగే వెలుగు, అలాంటి వెలుగు సరిపడని కొందరికి మూర్ఛ తెప్పించగలదు. కొందరికి ఆ సమస్య ఉందని అప్పటిదాకా తెలియకపోవచ్చు కూడా.

ఒంటి సంగతికొస్తే, అల్యూమినియం తొడుగు ప్లాస్టిక్ కంటే మేలు, డయోడ్ వేడిని బయటికి లాగేస్తుంది. ఫ్యాన్ ఉంటే చప్పుడు ఎంతో రివ్యూల్లో వెతకండి. చాలా చవక లైట్ల మాన్యువల్‌లో కొన్ని గంటలు నడిపాక కాసేపు ఆపమని రాసుంటుంది. ఆ మాట పాటించని లైట్లే ముందు ఆకుపచ్చ పోగొట్టుకుంటాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, లైటు మీద రాసిన వోల్టులు ఒకటేనా కాదా పోల్చి చూసుకోండి. తగిలించే బ్రాకెట్ లోహందై, స్క్రూ గట్టిగా బిగిసేలా ఉండాలి.

ఏడాదికోసారి పార్టీ అయితే కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడమే చవక. మళ్లీ మళ్లీ వాడతారనుకుంటే కొత్తదే కొనండి. సెకండ్ హ్యాండ్ లేజర్‌లో గ్రేటింగ్ కదిలిందో, లోపల ఎవరైనా చెయ్యి పెట్టారో బయటినుంచి చెప్పలేం.

7. పొగ

గాలి శుభ్రంగా ఉంటే లేజర్ కిరణం పక్కనుంచి కనబడదు. దారిలో కణాలుంటే వాటిని తాకి వెలుగు చెదురుతుంది, అదే మనకు గీతలా కనబడుతుంది. కాబట్టి లైటు మీద మిగిల్చిన డబ్బుతో చిన్న ఫాగ్ మెషీన్ తెచ్చుకుంటే ఫలితం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీళ్లలో గ్లైకాల్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి అది పొగలా వదులుతుంది. వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి అతిథులు రాకముందే ఆన్ చేసిపెట్టండి.

ఇంట్లో కావాల్సింది దట్టమైన పొగ కాదు, ఉందో లేదో తెలియనంత పల్చటి తెర. రెండు మూడు సెకన్లు వదిలి ఆపి, గదంతా సర్దుకునేదాకా ఆగి, కిరణాలు మసకబారినప్పుడు మళ్లీ కాస్త వదలండి. ఎక్కువైతే కిరణాలు లైటు మూతి దగ్గరే ముద్దయిపోయి, ఎదుటి గోడ దాకా ఏదీ చేరదు. తయారీదారు చెప్పిన ద్రవమే పోయండి. ఇంట్లో కలిపిన మిశ్రమాలు గొట్టాన్ని పాడుచేస్తాయి, పీల్చేవాళ్లకూ మంచిది కాదు. మెషీన్ మూతి బాగా వేడెక్కుతుంది, దాని ముందు నేల మీద జిడ్డు పేరుకుని కాలు జారుతుంది. నడిచే దారికి దూరంగా పెట్టి కింద పాత టవల్ పరవండి.

ఇంట్లో స్మోక్ అలారం ఉంటే ఈ పొగకు అది మోగే అవకాశం బాగా ఉంది. దానికి కవరు చుట్టేయడం చాలామందికి తోచే ఉపాయం, నిద్రపోయే ముందు విప్పడం మర్చిపోతే అసలు మంట వచ్చినప్పుడు ఎవరూ మేల్కోరు. అలారం ఉన్న గదిలో పొగ లేకుండా, చుక్కలతోనే సరిపెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు వస్తుంటే కూడా అంతే. డ్రై ఐస్‌తో పొగ పుట్టించాలన్న ఆలోచన మూసిన గదిలో అసలొద్దు, అది వదిలే కార్బన్ డయాక్సైడ్ కిందకు పేరుకుపోతుంది.

8. పెట్టే చోటు, ముందురోజు పరీక్ష

లైటును నేల మీదగానీ బల్ల మీదగానీ పెట్టొద్దు. ఎత్తైన అల్మారా పైన, లేదా గోడ మూలలో బ్రాకెట్‌తో, అక్కడ ఉన్న అందరికంటే పొడుగాటి మనిషి తలకంటే పైన ఉండాలి. మూతిని ఎదుటి గోడ పైభాగానికీ సీలింగ్‌కీ తిప్పండి. తెల్లటి సీలింగ్ ఉంటే అదే మీ తెర, కిరణాలు జనం తలల మీదుగా పోతూ వాళ్ల కళ్ల దాకా దిగవు. స్పీకరు మీద పెట్టకండి, బేస్ దెబ్బకు మెల్లగా జరుగుతూ కిందికి వంగిపోతుంది. పైన బిగించినది ఊడినా కింద పడకుండా ఒక గట్టి తీగ కట్టండి. ఎక్స్‌టెన్షన్ వైరు గోడ వెంబడి తీసుకెళ్లి టేపు వేయండి, చీకట్లో అందరి కాళ్లకూ తగిలేది అదే.

పార్టీ ముందురోజు రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు వెలిగించి చూడండి. లైటుకు వీపు పెట్టి నిలబడి, గోడల మీద చుక్కలు ఎంత కిందిదాకా వస్తున్నాయో చూడాలి. తర్వాత తెల్ల కాగితం ఒకటి చేత్తో పట్టుకుని, పిల్లలు నిలబడే ఎత్తులో, పెద్దలు కూర్చునే ఎత్తులో, నిలబడే ఎత్తులో గదంతా తిప్పండి. కాగితం మీద చుక్క పడిందంటే అక్కడ ఒక కన్ను ఉండే అవకాశం ఉంది. లైటును మరికాస్త పైకెత్తండి, లేదా మూతికి కింది అంచున నల్ల అట్టముక్క అతికించి ఆ కిరణాలను ఆపేయండి. గాలి పోయే రంధ్రాలు మూసుకోకుండా చూసుకోండి. మొదట గుర్తుపెట్టుకున్న అద్దాలు, గాజు తలుపుల మీద చుక్క పడుతోందా చూసి, పడితే దుప్పటి కప్పండి. వెండి రంగు బెలూన్లు కట్టాలనుకుంటే లైటు దారికి దూరంగా కట్టండి, అవీ అద్దాలే.

ఇలా ఒక గంట నడిపి చూస్తే వేడి ఎంత ఎక్కుతోంది, ఏ రంగు మసకబారుతోంది, సౌండ్ మోడ్ మీ పాటలకు ఎలా స్పందిస్తోంది అన్నీ తెలుస్తాయి. నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు లోపే ఈ పరీక్ష అయిపోయేలా కొనండి.

9. పార్టీ రోజు

గదిని కటిక చీకటి చేయకండి. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని, పొరపాటున పడ్డ వెలుగును ఎక్కువ లోపలికి పోనిస్తుంది. మూలల్లో గోడ వైపు తిప్పిన ఒకటి రెండు చిన్న దీపాలు ఉంచితే లేజర్ అందమూ తగ్గదు, మనుషులూ ఒకరినొకరు గుద్దుకోరు. లైటును సౌండ్ మోడ్‌లో రాత్రంతా వదిలేయడం కంటే, డ్యాన్సు ఊపందుకున్నప్పుడు పెట్టి, భోజనాలప్పుడు ఆపితే బాగుంటుంది. అరగంట దాటితే ఎంత మంచి ప్యాటర్న్ అయినా ఎవరూ పట్టించుకోరు, డయోడ్‌కూ విశ్రాంతి దొరుకుతుంది.

ఫొటోలు తీసేవాళ్లకు ఒక మాట చెప్పండి. లేజర్ కిరణం నేరుగా పడితే ఫోన్ కెమెరా సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చలు పడొచ్చు. లైటుకు వీపు పెట్టి, గోడల వైపు తీసుకుంటే ఏ బాధా లేదు. పెంపుడు పిల్లి, కుక్క ఉంటే వేరే గదిలో ఉంచండి. కదిలే చుక్కల వెంట పడి అవి చేసే హడావుడి మొదటి రెండు నిమిషాలే సరదా.

డాబా మీదో పెరట్లోనో పెట్టాలనుకుంటే రెండు జాగ్రత్తలు. వానకూ దుమ్ముకూ తట్టుకునే ఐపీ65 లాంటి రేటింగ్ ఉన్నదే వాడాలి. వెలుగు ఎప్పుడూ గోడ మీదో చెట్టు మీదో ఆగాలి, ఆకాశంలోకి పోకూడదు. విమానాల వైపు లేజర్ కొట్టడం చాలా దేశాల్లో నేరం, చిన్న కిరణం కూడా పైలట్ కళ్లు మిరుమిట్లు గొలపగలదు.

కంట్లో నేరుగా పడిందని ఎవరైనా అంటే అప్పటికి నొప్పి లేదని తేలిగ్గా తీసుకోవద్దు. కంటి లోపల వెలుగును పట్టే రెటీనా పొరకు నొప్పి తెలియదు. చూపులో మచ్చలా కనబడటం, గీతలు వంకరగా అనిపించడం, మసకబారడం మర్నాటికీ తగ్గకపోతే వెంటనే కంటి డాక్టరును కలవాలి, వెళ్లేటప్పుడు లైటు లేబుల్ ఫొటో తీసుకెళ్తే ఆయనకు పనికొస్తుంది.

పార్టీ అయ్యాక లైటు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, ఫాగ్ మెషీన్‌లో మిగిలిన ద్రవం తీసేయండి. తీయకపోతే గొట్టం లోపల గట్టిపడి, మళ్లీ తీసినప్పుడు పొగ రాదు.